పాతిక సెంట్ల పాత ఇల్లు, దక్షిణం వాకిలి, ఏజెంట్ తొందర... ఏం చెయ్యమంటావక్కా?

ప్రశ్న:

అక్కా నమస్తే. మేం క్వీన్స్‌లాండ్‌లో టూవూంబాలో ఉంటాం. నేను రిజిస్టర్డ్ నర్సుని, మా ఆయన ఐటీ, ఇంటి నుంచే పని, బాబు ఈ ఏడే బడిలో, ప్రెప్ క్లాసులో చేరాడు. 491 టెంపరరీ వీసా మీద వచ్చి ఈ మధ్యే 191 వీసా అందుకుని పీఆర్ అయ్యాం. రేంజ్‌విల్‌లో ఒక చెక్క ఇల్లు అమ్మకానికి వచ్చింది, 1960ల నాటిదంట, మూడు బెడ్‌రూములు, 1012 చదరపు మీటర్ల స్థలం, వీధంతా చెట్లే. ముందు జకరాండా, పెరట్లో పెద్ద క్యాంఫర్ లారెల్. మొదటి నుంచీ ఒకే కుటుంబం ఉన్నారు, ఇప్పుడు పెద్దావిడ నర్సింగ్ హోంకి వెళ్ళిపోతే పిల్లలు అమ్మేస్తున్నారు. నాకు గేటు దగ్గరే నచ్చేసింది. ఆఫర్స్ ఓవర్ 7,29,000 డాలర్లు అని పెట్టారు, ఏజెంట్ ఏమో 7,45,000 ఇస్తే అయిపోతుంది, ఇంకో పార్టీ రెడీగా ఉన్నారు, రేపటికల్లా సంతకం పెట్టండి, బిల్డింగ్ అండ్ పెస్ట్ షరతు, అదే ఇల్లూ చెదలూ చెక్ చేయించుకుని బాగుంటేనే కొంటామనేది, తీసేస్తే మీకే ఇస్తారు అంటున్నాడు. మా దగ్గర 1,10,000 ఉంది. మామగారు గుంటూరులో స్థలం అమ్మి పంపిస్తానన్నారు గానీ దక్షిణం వాకిలి అని తెలిసినప్పటి నుంచి వద్దంటే వద్దంటున్నారు. మా ఆయన ఫ్రెండ్స్ పాత కొంప ఎందుకు, పడమటి వైపు కొత్త ఎస్టేట్‌లో స్థలం, కొత్త ఇల్లు కలిపి ఇచ్చే హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ తీసుకోండి అంటున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు అక్కా.

జవాబు:

రేపు సంతకం పెట్టొద్దమ్మా. ఇల్లు వద్దని కాదు, నువ్వు రాసింది చదివితే నాకూ ఆ ఇంటి మీద మనసు పోయింది, పైగా పీఆర్ వచ్చి ఒక చోట కుదురుకోవాలనుకునే టైంలో చెట్ల నీడన ఇల్లు కావాలనుకోవడంలో తప్పేముంది. కానీ నీ ఉత్తరంలో ఇంటి గురించి మాట్లాడుతున్నవాళ్ళు నలుగురున్నారు, నువ్వు, ఏజెంటు, మామగారు, మీ ఆయన ఫ్రెండ్స్, ఈ నలుగురిలో ఒక్కరు కూడా ఆ ఇంటి కిందకి దూరి చూడలేదు. చెక్క ఇల్లంటే అసలు సంగతంతా ఫ్లోర్ కిందే ఉంటుంది. అక్కడ ఏముందో తెలిసేదాకా ఎవరి మాటా, నీ మనసు మాట కూడా, ఫైనల్ కాకూడదు.

ముందు ఏజెంట్ సంగతి తేల్చేద్దాం. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఆయనకి కమీషన్ ఇచ్చేది అమ్మేవాళ్ళు, ఆయన పని వాళ్ళకి మంచి రేటు, తక్కువ షరతులు తెచ్చిపెట్టడం. ఇంకో పార్టీ ఉన్నారో లేదో నీకు తెలిసే దారి లేదు, కాబట్టి దాని మీద నిర్ణయం తీసుకోకు. 2025 ఆగస్టు 1 నుంచి క్వీన్స్‌లాండ్‌లో కొత్త చట్టం అమల్లోకొచ్చింది, అమ్మేవాళ్ళు ఫామ్ 2 అనే డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ నింపి, టైటిల్ సెర్చ్, సర్వే ప్లాన్ లాంటి కాగితాలు జతచేసి, కొనేవాళ్ళు సంతకం పెట్టకముందే ఇవ్వాలి. ఇవ్వకుండా సంతకం పెట్టించుకుంటే సెటిల్‌మెంట్ లోపల, అంటే మొత్తం డబ్బు కట్టి ఇల్లు నీ చేతికొచ్చే రోజు లోపల, కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు నీకు వస్తుంది. నీ ఉత్తరంలో ఆ ఫామ్ మాటే లేదు కాబట్టి రేపు పొద్దున్న మొదటి ఫోన్ దాని కోసమే. అది చేతికొచ్చాక నువ్వు చదివి పక్కన పెట్టెయ్యకుండా సొలిసిటర్‌కి పంపు, ఇక్కడ కన్వేయన్సింగ్, అదే ఇల్లు చేతులు మారే కాగితాల పని, లాయర్లే చేస్తారు, ఏజెంట్ చెప్పిన లాయర్ కాకుండా నీ అంతట నువ్వు వెతుక్కున్న మనిషైతే మేలు.

అయితే ఫామ్ 2 వచ్చింది కదా అంతా చెప్పేశారు అనుకునేవు. అందులో ఉండనివి ఏంటో చూడు: వరద చరిత్ర ఉండదు, ఇల్లు గట్టిగా ఉందా లేదా ఉండదు, చెదలు పట్టిందా ఉండదు, ఆస్‌బెస్టాస్ ఉందా ఉండదు, కట్టిన వాటికి కౌన్సిల్ అనుమతులున్నాయా అన్నదీ ఉండదు. అంటే 1960ల నాటి ఇంటి గురించి నీకు కావలసిన ముఖ్యమైన సంగతులన్నీ నువ్వే సొంత డబ్బు పెట్టి తెలుసుకోవాలి. అందుకే బిల్డింగ్ అండ్ పెస్ట్ షరతు తీసెయ్యమంటే ఒప్పుకోవద్దు అంటున్నా. కొత్త ఇంటికైతే ఏమోగానీ ఈ ఇంటికి మాత్రం ఆ షరతు తీసేసి కొనడం చీకట్లో బావిలోకి దిగడమే.

కూలింగ్ ఆఫ్, అదే సంతకం పెట్టాక మనసు మార్చుకునే గడువు, ఉంది కదా అని ఎవరైనా అంటారు. ఉంది, సంతకాలైన కాంట్రాక్ట్ కాపీ నీ చేతికొచ్చిన దగ్గర్నుంచి ఐదు బిజినెస్ డేస్, ఐదో రోజు సాయంత్రం 5 దాకా. ఆ లోపు వద్దనుకుంటే అమ్మేవాళ్ళు ధరలో 0.25 శాతం దాకా పట్టుకోవచ్చు, 7,45,000 మీద అది 1,862 డాలర్ల చిల్లర. ప్రాణాల మీదకి వచ్చే డబ్బు కాదు, కానీ ఆ ఐదు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ దొరికి, రిపోర్ట్ వచ్చి, బ్యాంక్ కూడా ఊ అనడం కష్టం. దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నా పెట్టకు. ఆక్షన్‌లో కొంటే అసలు కూలింగ్ ఆఫే ఉండదు, ఇది ఆక్షన్ కాకపోవడం మీ అదృష్టం.

అమ్మేవాళ్ళకి మీ ఆఫర్ నచ్చేలా చెయ్యాలంటే వేరే దారులున్నాయి. ఇన్‌స్పెక్షన్ గడువు 14 రోజులు కాకుండా 7 రోజులే పెట్టు, ఫైనాన్స్ ప్రీ అప్రూవల్ ముందే తెచ్చుకుని చూపించు, సెటిల్‌మెంట్ డేట్ వాళ్ళకి వీలైనట్టు పెట్టుకోమను. అమ్మ ఇల్లు ఖాళీ చెయ్యడమంటే ఏళ్ళ సామాను, ఫొటోలు, బీరువాలు, పిల్లలకి అది మామూలు పని కాదు, మీకు నెలన్నరా రెండు నెలలు కావాలన్నా మాకు పర్లేదు అంటే ఒక్కోసారి ఐదు వేలు ఎక్కువ ఇస్తామన్నవాడి కన్నా మీకే ఇస్తారు. అప్పటికీ షరతు తీసెయ్యాల్సిందే అంటే, సంతకం పెట్టకముందే నీ ఖర్చుతో ఇన్‌స్పెక్షన్ చేయించుకుంటానని అడుగు. దానికీ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలెయ్యి, అంతే.

ఇప్పుడు ఇంటి కిందకి వెళ్దాం. ఆ కాలపు చెక్క ఇళ్ళు స్టంప్స్ మీద నిలబడి ఉంటాయి, పొట్టి స్తంభాలు, చాలా వాటికి అవి గట్టి చెక్కవే, మట్టి తగిలే చోట అవి కుళ్ళుతాయి. ఒకటి కిందకి దిగితే పైన ఫ్లోర్ వాలుతుంది, తలుపులు పట్టేస్తాయి, కార్నిస్ దగ్గర సందులు వస్తాయి. మళ్ళీ ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రతి గది తలుపూ తీసి వేసి చూడు, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకి చెప్పుల్లేకుండా నడువు, వాలు ఉంటే కాలికి తెలుస్తుంది. ఒకటీ అరా స్టంప్ మార్చడం పెద్ద పని కాదు, ఇల్లు మొత్తం రీస్టంపింగ్ అంటే మాత్రం పదుల వేలల్లోకి వెళ్ళొచ్చు. ప్రతి స్టంప్ మీదా రేకు టోపీ లాగా ఒకటి ఉంటుంది, యాంట్ క్యాప్ అంటారు. చెదలు దాని అంచు చుట్టూ బయటికి వచ్చి మట్టి గొట్టం కడుతూ పైకెక్కాలి కాబట్టి మన కంటికి దొరికిపోతాయి, అదీ దాని ఉపయోగం. ఆ రేకులు తుప్పు పట్టి చిరిగినా, ఎవరైనా మెట్లో పూల మడో కట్టి మట్టిని గోడ దాకా ఎగదోసినా చెదలకి దొడ్డిదారి దొరికినట్టే. తోట మీద ప్రేమున్నవాళ్ళ ఇళ్ళలో ఇది ఎక్కువ చూస్తాం, గోడని ఆనించి మల్చ్, పాత రైలు స్లీపర్లతో గట్లు, నరికిన చెట్టు మొదళ్ళు అలాగే వదిలెయ్యడం. పెస్ట్ ఇన్‌స్పెక్టర్‌ని ఇవన్నీ చూడమని నోరు తెరిచి అడుగు, వీలైతే ఆ టైంకి నువ్వో మీ ఆయనో అక్కడ ఉండండి, రిపోర్ట్‌లో రాయని మాటలు ఆ మనిషి నోటితో చెప్తాడు. హోం ఇన్సూరెన్స్‌లో చెదల నష్టం మామూలుగా రాదు, అందుకే కొన్న తర్వాత కూడా ఏడాదికొకసారి చెక్ చేయించుకోవాలి, ఆ ఖర్చు బడ్జెట్‌లో రాసుకో.

తర్వాత పెరట్లో చెట్టు. క్యాంఫర్ లారెల్ అంటే అచ్చంగా మన కర్పూరం చెట్టే, హారతి కర్పూరం ఒకప్పుడు ఈ చెక్క నుంచే తీసేవాళ్ళు, ఈసారి వెళ్ళినప్పుడు ఒక ఆకు నలిపి వాసన చూడు, తెలిసిపోతుంది. టూవూంబా వీధుల్లో పాత చెట్లు చాలా ఇవే, ఊరికి ఆ నీడ వీటి వల్లే వచ్చింది. కానీ ఇది ఈ నేల చెట్టు కాదు, ఆసియా నుంచి తెచ్చి నాటారు, పిట్టలు పళ్ళు తిని విత్తనాలు అన్ని చోట్లా వేసేసరికి ఇప్పుడు క్వీన్స్‌లాండ్‌లో కలుపు చెట్ల లిస్టులో ఉంది, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఉన్న పెద్ద చెట్టుని కొట్టెయ్యాల్సిన పని లేదు. నా దిగులు దాని వేళ్ళ గురించి. ఆ వయసు ఇళ్ళకి మురుగు పైపులు కాల్చిన మట్టివి ఉంటాయి, ముక్క ముక్కకీ అతుకు, అతుకు సందులో తడి తగిలితే కర్పూరం వేరు వదలదు, లోపలికి దూరి పైపుని నింపేస్తుంది. మామూలు బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్‌లో పైపు లోపల చూడరు. ప్లంబర్‌ని పిలిచి కెమెరా వేయించు, కొన్ని వందల డాలర్ల పని, పైపు లైన్ మొత్తం మార్చాల్సొస్తే దాని ముందు ఇదెంత. చెట్టు ఇంటికి మరీ దగ్గరుంటే చెట్ల నిపుణుడికి, అర్బరిస్ట్ అంటారు, కూడా చూపించు, పెద్ద కొమ్మలు పైకప్పు మీద ఉన్నాయా, మొదట్లో తొర్ర ఉందా చెప్తారు. కొట్టాలనుకుంటే ముందు కౌన్సిల్‌ని అడగాలి. పక్కింటివాళ్ళతో చెట్టు తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఉంటే అది ఫామ్ 2లో చెప్పి తీరాలి, ఆ గడి ఖాళీగా ఉందా లేదా చూడు.

నేల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, గుంటూరు వైపు కోడలివి, నల్లరేగడి ఎండాకాలం ఎలా నోరు తెరుస్తుందో మీ మామగారికి ఇంకా బాగా తెలుసు. టూవూంబాలో రెండూ ఉన్నాయి. కొండ అంచున తూర్పు వైపు, మీ రేంజ్‌విల్‌తో సహా, అగ్నిపర్వతపు రాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టి, లోతుగా ఉంటుంది, నీళ్ళు ఇంకిపోతాయి, ఆ కెమీలియాలూ అజేలియాలూ అంత ఏపుగా పెరిగేది అందుకే. వాగుల వెంట పల్లపు చోట్ల, పడమటగా డార్లింగ్ డౌన్స్ మైదానంలోకి దిగేకొద్దీ నల్లమట్టి, తడిస్తే ఉబ్బుతుంది ఎండితే బీటలు తీస్తుంది, దాని మీద పునాదికి ఖర్చెక్కువ. కొత్త ఎస్టేట్ చూసేటప్పుడు మీ ఆయన ఫ్రెండ్స్‌ని ఆ ఒక్క ప్రశ్న అడగమను, సాయిల్ టెస్ట్ రిపోర్ట్‌లో క్లాస్ ఏమొచ్చింది, బాగా ఉబ్బి బీటలు తీసే నేల అని చెప్పే H గానీ E గానీ వస్తే పునాదికి ఎంత అదనం కట్టాలి. ప్యాకేజీ రేటులో ఇది కలిసి ఉండకపోవచ్చు, తర్వాత సైట్ కాస్ట్స్ అని బిల్లు వేస్తారు. ఎర్రమట్టి అన్నంత మాత్రాన నీ ఇంటికి బీట రాదని కాదు, పైపు కారుతూ ఒక మూల తడుస్తుంటే ఏ నేలైనా దిగుతుంది, కాబట్టి డౌన్‌పైపులు నీళ్ళని ఎక్కడ వదులుతున్నాయో చూడు. వాన పడే రోజు గొడుగేసుకుని ఆ వీధికి వెళ్ళగలిగితే ఇంకా మంచిది.

వాన అంటే గుర్తుండాల్సింది, 2011 జనవరి 10న ఇంత ఎత్తున, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల మీదున్న ఊళ్ళో ఈస్ట్ క్రీక్, వెస్ట్ క్రీక్ ఒక్కసారిగా పొంగి ఊరి నడిమధ్యలో కార్లు కొట్టుకుపోయాయి. కొండ మీద ఊరికి వరదేంటి అనుకోకు. నీ ఇల్లు గట్టు మీదుంటే భయం తక్కువే, అయినా కౌన్సిల్ మ్యాపుల్లో అడ్రస్ కొట్టి వరద, బుష్‌ఫైర్ రెండూ చూడు. లోయ అంచున అడవికి ఆనుకున్న ఇళ్ళకి ఆ రెండోది ఎక్కువ వర్తిస్తుంది, గట్టర్లలో ఎండాకు నిండి ఉంటే నిప్పురవ్వ చాలు. ఇన్సూరెన్స్ కోట్ సంతకానికి ముందే తీసుకో, ప్రీమియం వింటే ఆ స్థలం గురించి కంపెనీలు ఏమనుకుంటున్నాయో తెలిసిపోతుంది. ఇంకో మాట, ఇక్కడ ఇళ్ళకి వాడే స్టాండర్డ్ కాంట్రాక్ట్‌లో కాంట్రాక్ట్ డేట్ తర్వాతి బిజినెస్ డే సాయంత్రం 5 నుంచి ఇంటి రిస్కు కొనేవాళ్ళదే, తాళాలు చేతికి రాకముందే. కాబట్టి సంతకం పడిన రోజే ఇన్సూరెన్స్ మొదలవ్వాలి.

ఆస్‌బెస్టాస్ గురించి వినగానే బెదిరిపోకు. 1990కి ముందు కట్టిన ఇళ్ళలో బాత్రూం గోడలు, చూరు కింది ఈవ్స్, లాండ్రీ, గరాజ్, వీటిలో ఆస్‌బెస్టాస్ కలిసిన ఫైబ్రో షీట్లు ఉండే అవకాశం బాగానే ఉంది, షీటు పగలకుండా పెయింట్ వేసి ఉన్నంతకాలం దానివల్ల ముప్పు తక్కువ. ముప్పంతా దాన్ని కోసినప్పుడు, డ్రిల్ చేసినప్పుడు, కాబట్టి బాత్రూం కొత్తగా చేయించాలని నీకుంటే ముందు టెస్ట్, తర్వాత లైసెన్స్ ఉన్నవాళ్ళతో తీయించడం, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో. మీ ఆయన సెలవు రోజున సుత్తి పట్టుకుని మొదలుపెట్టకూడదు, బాబున్న ఇల్లు. పొగ అలారాలు మాత్రం అమ్మేవాళ్ళ పని, 2022 జనవరి 1 నుంచి అమ్మే ఇంట్లో ప్రతి బెడ్‌రూంలోనూ ఒకటి మోగితే అన్నీ మోగేవి ఉండాలి.

మామగారి మాటకి వస్తాను, నిద్ర పట్టనిది దీని వల్లే అని నాకు అనిపిస్తోంది. ఆయన డబ్బు ఇస్తానన్నారు కాబట్టి ఆయన మాటకి బరువుంది, ఆ బరువు నీ మీద పడుతోంది. నేను వాస్తుని తీసిపారెయ్యను, ఆయన నమ్మకం ఆయనది. కానీ ఆయనకి ఒక సంగతి ఎవరూ చెప్పి ఉండరు, ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మనకి గుంటూరులో చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది, టూవూంబా మకరరేఖకి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి ఏడాది పొడుగునా మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తరం వైపే. వాకిలి దక్షిణం వీధి మీదకుంటే పెరడు ఉత్తరానికి తిరిగి ఉంటుంది, వంటిల్లూ కూర్చునే గదీ వెనక వైపుంటే జూన్ జులైలో ఎండంతా వాటిలోకే వస్తుంది. ఆ ఊళ్ళో చలికాలం రాత్రిళ్ళు మంచు గడ్డకట్టేదాకా పోతుంది, పడమర గాలి చెక్క సందుల్లోంచి కొడుతుంది, అప్పుడు ఆ ఎండ విలువ తెలుస్తుంది. ఇక్కడివాళ్ళు ఉత్తరం ఎండ ఉన్న ఇంటికి ఎక్కువ డబ్బులిచ్చి కొంటారు. కాబట్టి నువ్వు మళ్ళీ వెళ్ళి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లోపల ఎండ ఎక్కడ పడుతోందో వీడియో తీసి ఆయనకి పంపించు, పెరడూ చెట్టూ చూపించు, 1012 మీటర్లంటే పాతిక సెంట్లండీ మామయ్య గారూ అని చెప్పు, ఆ కర్పూరం ఆకు సంగతి కూడా చెప్పు. పొలం చూసిన కళ్ళు వాటిని తేలిగ్గా తీసుకోవు. మాట్లాడేది మాత్రం మీ ఆయనే మాట్లాడాలి, వాళ్ళ నాన్నతో ఈ విషయం కోడలు ఒంటరిగా వాదించేది కాదు.

అంతకన్నా నేను చెప్పేది, గుంటూరు స్థలం అమ్మించొద్దు. ఆయన ఒప్పుకున్నా వద్దు. కొడుకు ఇంటి కోసం అమ్మిన స్థలం ఆ ఇంట్లో మీరు తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ వచ్చి కూర్చుంటుంది, పెద్ద వయసులో వాళ్ళకి అది ఆసరా కూడా. పైగా అక్కడ పన్ను, ఇక్కడికి పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టి తర్వాత రిటర్న్‌లో సర్దుకోమంటారు, ఇక్కడ బ్యాంక్ గిఫ్ట్ లెటర్ అడుగుతుంది, ఇవన్నీ ఏడు రోజుల్లో అయ్యేవి కావు. అసలు మీకు ఆ డబ్బు అక్కర్లేకపోవచ్చు, లెక్క చూడు.

20 శాతం డిపాజిట్ లేకపోతే బ్యాంక్ ఎల్ఎంఐ కట్టమంటుంది, అప్పు తీరకపోతే బ్యాంక్‌కి రక్షణగా మన చేత కట్టించే ఇన్సూరెన్స్ అది, వేలల్లో ఉంటుంది. 5 శాతం డిపాజిట్ ప్రభుత్వ స్కీం ఉంది, 2025 అక్టోబర్ నుంచి ఆదాయ పరిమితి కూడా తీసేశారు, కానీ బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్ వదిలేస్తే మిగతా క్వీన్స్‌లాండ్‌లో ధర 7,00,000 దాటకూడదు, మీ ఇల్లు దాటుతోంది. అయితే నువ్వు రిజిస్టర్డ్ నర్సువి. కొన్ని బ్యాంకులు నర్సులకి 10 శాతం డిపాజిట్‌తోనే ఎల్ఎంఐ లేకుండా లోన్ ఇస్తున్నాయి, ఆదాయం షరతు ఉంటుంది, బ్రోకర్‌ని మొదటి మాటగా ఇదే అడుగు. 7,39,000కి కుదిరితే 10 శాతం 73,900, మీ 1,10,000లో ఇంకా 36,000 పైన మిగులుతాయి. అందులోంచే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, మన స్టాంప్ డ్యూటీ లాంటిది. మొదటి ఇల్లయితే పాత ఇంటికి 7,00,000 దాకా డ్యూటీ లేదు, అక్కడి నుంచి 8,00,000 దాకా రాయితీ మెట్లు మెట్లుగా తగ్గుతుంది, ప్రతి 10,000కీ ఒక మెట్టు. 7,39,000కి నువ్వు కట్టేది 6,960, సరిగ్గా 7,40,000 అయితే 8,740, ఏజెంట్ చెప్పిన 7,45,000కి 8,965. ఒక్క వెయ్యి డాలర్ల తేడాకి దాదాపు 1,800 పోతోంది, ఆఫర్ రాసేటప్పుడు ఆ గీత ఇవతలే ఉండు.

కానీ ఒక్కటి జాగ్రత్త, మనవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఈ మొదటి ఇంటి రాయితీ రావాలంటే కొనేవాళ్ళకి ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు ఇల్లు ఉండి ఉండకూడదు. మీ ఆయన పేరున హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నా, మీ నాన్నగారి ఇంట్లో నీకు వాటా రాసినా లెక్కలోకి వస్తుంది, ఎప్పుడో అమ్మేసినా సరే. ఖాళీ స్థలం వేరు, ఇల్లు వేరు. ఏదైనా ఉంటే సొలిసిటర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, దాచి రాయితీ తీసుకోవద్దు. అప్పుడు సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే మామూలు రాయితీ ఒక్కటే మిగిలితే 7,39,000 మీద 19,105 కట్టాలి, 36,000లో అది పెద్ద ముక్క.

డ్యూటీ 6,960తో సరిపోతే, లాయర్, ఇన్‌స్పెక్షన్లు, రిజిస్ట్రేషన్ ఫీజులు పోను ఇంకో పాతిక వేల దాకా చేతిలో ఉండొచ్చు. ఆ పాతిక వేలు ఇంటికే, సోఫాలకి కాదు. పైకప్పు ఇన్సులేషన్, గట్టర్లు, ఒక మంచి రివర్స్ సైకిల్ ఏసీ, కుళ్ళిన స్టంప్స్. నెల వాయిదా చూసుకునేటప్పుడు బ్యాంక్ ఇప్పటి వడ్డీ మీద ఇంకో 3 శాతం కలిపి మీరు కట్టగలరా అని చూస్తుంది, మీరూ ఇంట్లో కూర్చుని అదే లెక్కతో చూడండి, నువ్వు ఇంకో బిడ్డ కోసం సెలవు పెడితే ఒక్క జీతంతో ఎన్ని నెలలు నెట్టగలరో కూడా.

కొత్త ఎస్టేట్ చెడ్డదని నేను అనను. గోడలు నిటారుగా ఉంటాయి, ఇన్సులేషన్ ఉంటుంది, ఫస్ట్ హోం ఓనర్ గ్రాంట్ కొత్త ఇళ్ళకే వస్తుంది, 2025 మే 1 నుంచి మొదటిసారి కొనేవాళ్ళకి కొత్త ఇంటి మీద డ్యూటీ కూడా లేదు. చెదలు, ఆస్‌బెస్టాస్ అని తల పట్టుకోలేను అనేవాళ్ళకి అదే సరైనది. మీ ఆయనకి ఇంటి పనులంటే విసుగైతే ఆ మాట ఇప్పుడే పైకి అననివ్వు, ఎందుకంటే ఆ చెట్ల ఆకులన్నీ గట్టర్ల లోంచి ఎవరో ఒకరు తీస్తూనే ఉండాలి. కానీ ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు, బాబు చిన్నవాడు, నువ్వు నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటావు, మీ ముగ్గురికీ రోజంతా ఉండేది ఆ ఇల్లే. పాతిక సెంట్ల పెరడు ఇప్పుడు కొత్త ఎస్టేట్లలో దొరకదు, ఆ నీడ పెరగడానికి ఒక తరం పడుతుంది. నా ఓటు పాత ఇంటికే, కిందంతా బాగుందని తేలితే. తూర్పు వైపు నుంచి నీ డ్యూటీకి దూరం ఒకసారి చూసుకో, కొత్త ఆస్పత్రి బెయిలీ హెండర్సన్ స్థలంలో కడుతున్నారు, నీ వార్డు అక్కడికి మారితే ఊరికి అవతలి వైపు వెళ్ళాలి.

491 మీదే ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక ముక్క: టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు పాత ఇళ్ళు కొనడం 2025 ఏప్రిల్ 1 నుంచి, కనీసం 2027 మార్చి 31 దాకా, కొన్ని మినహాయింపులు తప్ప ఆపేశారు. ఇది చూసి మీరు రేపే ఓపెన్ హోంకి పరిగెత్తకండి, ముందు లాయర్‌ని అడగండి.

రేపు నువ్వు ఏజెంట్‌కి ఫోన్ చేసి ఫామ్ 2 పంపమను, మా ఆఫర్ రాతపూర్వకంగా వస్తుంది, బిల్డింగ్ అండ్ పెస్ట్ ఏడు రోజులు, ఫైనాన్స్ పద్నాలుగు రోజులు, సెటిల్‌మెంట్ మీ ఇష్టం అని చెప్పు. నిన్ను నీ పై లిమిట్ ఎంత అని అడుగుతాడు, ఆ నంబర్ మాత్రం చెప్పకు. రిపోర్టులో స్టంప్స్ పోయాయనో పైపు పగిలిందనో వస్తే కొటేషన్ తెచ్చి ఆ మేరకు ధర తగ్గించమని అడుగు, బతికున్న చెదలు దూలాల్లో దొరికితే, ఫ్లోర్ అంతా దిగిపోయి ఉంటే షరతు వాడుకుని బయటికి వచ్చెయ్యి, డిపాజిట్ వెనక్కి వస్తుంది. సెటిల్‌మెంట్ దగ్గర డబ్బు పంపేటప్పుడు ఈమెయిల్‌లో వచ్చిన అకౌంట్ నంబర్‌కి అలాగే పంపకు, లాయర్ ఆఫీసుకి నీకు ముందే తెలిసిన నంబర్‌తో ఫోన్ చేసి చదివించుకుని సరిచూసుకో, మధ్యలో నంబర్లు మార్చే దొంగ మెయిల్స్ ఇప్పుడు ఎక్కువయ్యాయి. పెస్ట్ రిపోర్ట్ చేతికొచ్చాక అర్థం కానిది ఏదైనా ఉంటే పేర్లూ అడ్రసూ తీసేసి ఆ పేజీ నాకు పంపు, చూసి చెప్తాను.